తీగ దగ్గరికి, తాడి దగ్గరికి

ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో పెద్దవాళ్ళు ద్రాక్ష తోటను ఇప్పటికీ ఉవ్రేల్లో కొలుస్తారు. ఒక మనిషి ఒక రోజులో తవ్వగలిగినంత నేల ఒక ఉవ్రే. లెక్కకు 428 చదరపు మీటర్లు, మన కొలతలో నాలుగు గుంటలకు కొంచెం పైన. అంత చిన్న చెక్కలో నాలుగు వందలకు పైగా మొక్కలుంటాయి. అక్కడ మీటరుకో మొక్క పెడతారు, వరుసకూ వరుసకూ మధ్య ఎడం కూడా మీటరే. హెక్టారుకు పదివేలు. జనవరిలో ఆ మొక్కల్లో ప్రతిదాని ముందూ వంగి, కాసేపు చూసి, నాలుగైదు కోతలు కోసి, పక్క మొక్కకు జరగాలి. నేను చేరిన ఉద్యోగంలో మొదటి పని అదే.

హనుమకొండలో ఎవరు కలిసినా వైన్ గురించి రెండే అడుగుతారు: కాళ్ళతో తొక్కుతారా, సీసా ఎంత. పండ్ల కోత రెండు వారాల్లో అయిపోతుంది. మిగతా యాభై వారాలు అక్కడి మనుషులు ఏం చేస్తారన్నది ఎవరూ అడగరు. నాకు చెప్పాలని ఉన్నది ఆ యాభై వారాల సంగతే.

మాది పరకాల పక్కన ఊరు. బాపు కల్లు కోసం తాడి చెట్లు గీస్తాడు, తాత కూడా గీసేవాడు. నేను కాకతీయ యూనివర్సిటీలో మైక్రోబయాలజీ చదివి, వైన్ శాస్త్రం చదవడానికి బర్గండీలోని డీజోన్ నగరానికి వెళ్ళాను. అక్కడి యూనివర్సిటీలో జూల్ గుయో పేరు మీద దీనికోసమే ఒక సంస్థ ఉంది. చదువయ్యాక బోన్ పట్టణానికి దక్షిణాన, వోల్నే, మెర్సో ఊళ్ళ మధ్య ఒక చిన్న కుటుంబం తోటలో 2023 చివర చేరాను. 2024 పంట పీపాల్లోకి చేరేదాకా ఉన్నాను. తోటలోనూ, నేలమాళిగలోనూ రెండు చోట్లా పని. పెద్ద కంపెనీల్లో తోట మనుషులు వేరు, నేలమాళిగ మనుషులు వేరు. చిన్నచోట అందరూ అన్నీ చేస్తారు. నాకు కావలసింది అదే.

జూల్ గుయో 19వ శతాబ్దపు డాక్టరు. చలికాలంలో తీగలు కత్తిరించడానికి ఆయన ప్రచారం చేసిన పద్ధతినే అక్కడ ఎక్కువగా వాడతారు. మొక్క మీద పోయినేడు పెరిగిన తీగలన్నీ తీసేసి, ఒక్క పొడుగు తీగను ఆరేడు కళ్ళతో, అంటే చిగురు మొలిచే మొగ్గలతో, ఉంచాలి. దాని కింద రెండు కళ్ళున్న పొట్టి మోడు ఒకటి వదలాలి. పొడుగు తీగ ఈ ఏడాది పంటకు. పొట్టి మోడు వచ్చే ఏడాదికి: దాని మీద మొలిచిన తీగే రేపు పొడుగు తీగవుతుంది. నాకు నేర్పిన పెద్దాయన నలభై ఏళ్ళుగా కత్తెర పట్టిన మనిషి. ముందు మోడు ఎక్కడ ఉంచాలో చూడమనేవాడు. ఈ ఏటి పంట సంగతి ఆ తర్వాత. అనుభవం లేనివాళ్ళు ముందు లావుపాటి అందమైన తీగను వెతుకుతారు, దానికోసం మొక్క తల ఏటా ఇంత ఎత్తు పెరిగిపోతుంది, పదేళ్ళకు ఆ మొక్క పనికిరాదు అని ఆయన చెప్పేవాడు. ఇంకొకటి, పాత చెక్కలోకి పెద్ద గాయం పడేలా కోయకూడదు. కోసిన చోట చెక్క లోపలికి ఎండుతూ పోతుంది, రసం పైకి ఎక్కే దారి మూసుకుపోతుంది, ఎస్కా అనే చెక్క జబ్బు అక్కడినుంచే పట్టుకుంటుంది. కొన్నేళ్ళ క్రితం దాకా దీన్ని ఎవరూ అంతగా పట్టించుకోలేదట. ఇప్పుడు యువ రైతులు రసం దారి చూసుకుని కోయడం మళ్ళీ నేర్చుకుంటున్నారు.

పొగమంచు, సున్నా కింద ఒకటి రెండు డిగ్రీలు. వేళ్ళు కొంకర్లు పోతాయి. కోసిన తీగలను వరుసల మధ్య నడిచే ఇనుప తోపుడు బండిలో వేసి అక్కడికక్కడే కాలుస్తారు. ఆ మంట దగ్గరే చేతులు కాచుకోవడం. చాలాచోట్ల ఇప్పుడు తీగలను పొడిచేసి నేలలో కలిపేస్తున్నారు, పొగ ఉండదు, మట్టికి బలం. చలికాలం పొద్దున మాత్రం ఆ బండి కావాలనిపించేది.

ఈ కోత పని చాలామంది రోజుకూలికి చేయరు, గుత్తకు తీసుకుంటారు. ఇన్ని ఉవ్రేలు, కోత నుంచి వేసవి కట్టుడు దాకా అన్ని పనులూ ఒకే మనిషివి. తోట తనది కాకపోయినా ఆ వరుసలు తనవే. ఇది నాకు బాగా నచ్చింది. జనవరిలో కోసిన చెయ్యే మేలో చిగుళ్ళు గిల్లుతుంది, కాబట్టి తను ఏం కోసిందో దాని ఫలితం తనే చూస్తుంది. బాపుకూ అంతే. ఆయన గీసే చెట్టును ఇంకొకరు ముట్టరు.

మార్చి మధ్యలో నేల వెచ్చబడగానే కోసిన ప్రతి తీగ కొసనుంచీ నీళ్ళు కారతాయి. చుక్క చుక్కగా, రోజుల తరబడి. నేను వీడియో కాల్‌లో బాపుకు చూపించాను.

"గంత కారుతుంటే లొట్టి కట్టరా బిడ్డా?" అన్నాడు. లొట్టి అంటే కల్లు పట్టే కుండ.

"తీపి లేదు బాపు, ఉత్త నీళ్ళే."

"నాలుక మీద ఏసుకున్నవా?"

"ఏసుకున్న."

"మరి ఎందుకు కారుస్తంది చెట్టు?"

మంచి ప్రశ్న. ద్రాక్ష తీగ నుంచి కారేది వేళ్ళు పైకి తోస్తున్న నీళ్ళు. అందులో ఖనిజాలుంటాయి, చక్కెర ఉండదనే చెప్పాలి. తాడి గెల నుంచి వచ్చేది అది కాదు. ఆకులు తయారుచేసి కాయల కోసం పంపుతున్న తీపి రసాన్ని గీత కార్మికుడు దారిలో పట్టుకుంటాడు. నూటికి పది పన్నెండు పాళ్ళు చక్కెర అందుకే. అక్కడ ఆ తీపి కోసం సెప్టెంబర్ దాకా ఆగాలి, అది గింజ చుట్టూ చేరేదాకా. బాపుకు ఇట్లా చెబితే వెంటనే అర్థమైంది. నా క్లాసులో ఇది అర్థం చేసుకోవడానికి మాకు వారం పట్టింది.

ఆ రోజుల్లోనే పొడుగు తీగను వంచి కింది ఇనుప తీగకు కట్టాలి. గాలిలో తేమ ఉన్న రోజే కట్టాలి, ఎండిన రోజున వంచితే ఫట్‌మని విరుగుతుంది. బర్గండీలో ఈ కట్టే పని, తర్వాత చిగుళ్ళు గిల్లే పని తరతరాలుగా ఆడవాళ్ళదే. కత్తెర మొగవాళ్ళది. ఇప్పుడు ఆ తేడా చాలావరకు పోయింది.

ఏప్రిల్ అంటే భయం. కన్ను విప్పి వేలు గోరంత ఆకు వచ్చాక ఒక్క రాత్రి మైనస్ రెండుకు పడితే చాలు, ఆ ఏడాది పంటలో సగం పోవచ్చు. 2016లో, 2021లో అట్లాగే పోయింది. వాతావరణం వేడెక్కుతున్నకొద్దీ కళ్ళు ముందే విప్పుతున్నాయి, మంచు మాత్రం తన వేళకు తాను వస్తూనే ఉంది. అందుకే దెబ్బ గట్టిగా తగులుతోంది. హెక్టారుకు మూడు నాలుగు వందల పెద్ద మైనం డబ్బాలు పెట్టి రాత్రి వెలిగిస్తారు. ఆ ఖర్చు అందరూ తట్టుకోలేరు. 2017లో ఊళ్ళు ఊళ్ళన్నీ కలిసి తెల్లవారుజామున తడి గడ్డి తగలబెట్టి పొగ పెట్టాయి. ఆ పొగ వేడి కోసం కాదు. మంచు పట్టిన చిగురు మీద ఎండ సూటిగా పడితే కాలిపోతుంది, పొగ ఆ ఎండను ఆపుతుంది. మేము 2024 ఏప్రిల్ చివర రాత్రుళ్ళు థర్మామీటరు పట్టుకుని కాపలా కాశాం. ఆ ఏడు ఉత్తరాన ఉన్న షాబ్లీ తోటలకు తగిలినంత దెబ్బ మావైపు తగల్లేదు.

మా దెబ్బ వానది. 2024లో వసంతం, ఎండాకాలం అంతా వానే. బూజు తెగులు విరుచుకుపడింది. ఆకు కింద తెల్లటి బూజు, తర్వాత గుత్తి గోధుమ రంగుకు మారి ఎండిపోవడం. మందు కొట్టిన మర్నాడే వాన కడిగేసేది, మళ్ళీ కొట్టాలి. మా తోట సేంద్రియం, కాబట్టి ఆయుధాలు రెండే: గంధకం, బోర్డో మిశ్రమం. మైలుతుత్తం, సున్నం, నీళ్ళు. ఈ మిశ్రమం పుట్టింది బోర్డోలోనే, 1880లలో, ద్రాక్షకు వచ్చిన ఈ తెగులు కోసమే. వృక్షశాస్త్రవేత్త మియార్దే దాన్ని 1885లో లోకానికి ప్రకటించాడు. మిరప వేసే మా చిన్నబాపుకు ఫోన్ చేసి మేం కొడుతున్నది అదేనని చెబితే ఆయన నమ్మలేదు. "కిలకు కిల, నూరు లీటర్ల నీళ్ళు, గదేనా?" అని అడిగి, కత్తి ముంచి చూస్తున్నారా అని కూడా అడిగాడు. సున్నం చాలకపోతే కత్తి మీద ఎర్రగా రాగి పట్టుకుంటుంది, అప్పుడు ఇంకాస్త సున్నం వేయాలి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలే మనిషికీ, మెర్సోలో వైన్ చేసే మనిషికీ ఒకే పరీక్ష తెలుసు. అయితే ఒక హద్దుంది. రాగి మట్టిలో పేరుకుంటుంది, వానపాములకు మంచిది కాదు. అందుకని యూరప్‌లో హెక్టారుకు ఏడేళ్ళలో 28 కిలోలకు మించి రాగి వాడకూడదని నిబంధన. సగటున ఏడాదికి నాలుగు కిలోలు. ఆ తడి ఏడాదిలో ప్రతి వాన తర్వాత మా యజమానురాలు కాగితం మీద గ్రాములు కూడుతూ కూర్చునేది. ఇంకా ఎన్నిసార్లు కొట్టొచ్చు, ఏ చెక్కను వదిలేయొచ్చు అని. ఆమె కొన్ని వరుసలను వదిలేసింది. ఏవి వదిలిందో నాకు గుర్తుంది. రాసేటప్పుడు ఇప్పటికీ బాధేస్తుంది.

మే, జూన్ నెలల్లో చిగుళ్ళు గిల్లడం, పెరిగిన తీగలను ఇనుప తీగల మధ్యకు ఎత్తి నిలబెట్టడం, తలలు కత్తిరించడం. పువ్వు జూన్‌లో. పువ్వు పూసినప్పటినుంచి వంద రోజులు లెక్కపెట్టుకుంటే కోత. జూలైలో ఆకులు తీస్తారు, పొద్దున ఎండ తగిలే తూర్పు వైపు మాత్రమే. పండు నేలకు మోకాలెత్తులో ఉంటుంది, కాబట్టి ఏడాదిలో ఏ పని చేసినా వంగే చేయాలి. బాపుకు నడుం నొప్పి ఎక్కడం వల్ల, నాకు వంగడం వల్ల. ఆ జూలైలోనే ఇక్కడ గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పథకం మొదలైందని బాపు ఫోన్‌లో చెప్పాడు. చెట్టు మీద కాలు జారినా కింద పడకుండా పట్టే మోకు. గౌడ కులానికి కాటమయ్య దేవుడు ఎట్లాగో, అక్కడి తోట మనుషులకు సెయింట్ విన్సెంట్ అట్లా. జనవరి 22 ఆయన రోజు. ఆ తర్వాతి వారాంతంలో 1938 నుంచీ ఏటా ఏదో ఒక ఊరు వంతు తీసుకుని ఉత్సవం చేస్తుంది. ప్రతి ఊరి సంఘం తన విగ్రహాన్ని మోసుకుంటూ చలిలో తోటల మధ్య నడుస్తుంది. ఈ సంఘాలు మొదట్లో పరస్పర సాయానికి పుట్టినవి. ఎవరికైనా జబ్బు చేస్తే మిగతావాళ్ళు అతని తోట పని చేసిపెట్టేవారు.

ఆగస్టు చివర తొట్లు కడగడం, పీపాలు నానబెట్టడం. ఎండిన పీపా కారుతుంది, చెక్క నీళ్ళు తాగి ఉబ్బితేనే సందులు మూసుకుంటాయి. ఆ పనిలో ఉండగానే సెప్టెంబర్ 1న కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట వరదకు కొట్టుకుపోయిన వీడియో ఫోన్‌లో వచ్చింది. మహబూబాబాద్, ఖమ్మం నీళ్ళలో ఉన్నాయి. అక్కడా వాన, ఇక్కడా వాన. ఆ రోజు ఇంటికి ఫోన్ కలిసేదాకా నా చేతులు పని మీద నిలవలేదు.

కోత సెప్టెంబర్ మధ్యలో. విద్యార్థులు, పోలండ్ వాళ్ళు, ఏటా వచ్చే ముసలివాళ్ళు, అందరం కలిసి. గంట లెక్కన కూలి, పొద్దున తొమ్మిదికి తోటలోనే రొట్టె, సాసేజీ, కాఫీ. కోత గురించి చాలామంది చాలా రాశారు, నేను వదిలేస్తాను. ఒక్కటే చెబుతాను: ఆ ఏడు మా పని కోయడం కన్నా ఏరడం. ఎండిన గింజల్ని తోటలో ఒకసారి, బల్ల మీద ఒకసారి తీశాం. తెగులు తిన్నాక మిగిలింది తక్కువ. ఆ మిగిలిందాన్ని చెడగొట్టకూడదన్న పట్టుదల అందరి ముఖాల్లో కనిపించేది.

ఇక నేలమాళిగ. ఎర్ర వైన్‌కు పినో నువార్ ఒక్కటే, తెల్లదానికి షార్డనే. తెల్లదాన్ని రాగానే పిండేసి రసాన్ని పీపాల్లో పులియబెడతారు. ఎర్రదాన్ని తొక్కతోనే తొట్టిలో వేస్తారు, ఎందుకంటే రంగు తొక్కలోనే ఉంటుంది. పినో తొక్క పలచన, రంగు తక్కువ, దాన్ని తొందరపెడితే చేదెక్కుతుంది. మేము బయటి ఈస్ట్ వేయలేదు. పండు మీద, గోడల మీద, తొట్టి చెక్కలో ఉన్నదే. మూడు నాలుగు రోజులు ఏమీ జరగదు. అయిదో రోజు చెవి పెట్టి వింటే సన్నగా చిటపట. ఆ తర్వాత గ్యాస్ పండు తొక్కల్ని పైకి తోసి గట్టి పొర కట్టేస్తుంది. దాన్ని రోజుకు ఒకటి రెండుసార్లు కిందికి తొక్కి తడపాలి. అవును, కొన్ని చిన్నచోట్ల ఇప్పటికీ మనిషి తొట్టిలోకి దిగి కాళ్ళతోనే తొక్కుతాడు. మాకు పొడుగు కర్ర ఉండేది, దిగడం రెండు మూడుసార్లే. పైన పొర వేడిగా, మోకాళ్ళ కింద రసం అంతకన్నా చల్లగా ఉంటుంది.

"నువ్వు దిగినవా తొట్టిలకు?" అని అవ్వ అడిగింది. అడగడంలో భయం ఉంది. మా ఇంట్లో చెట్టెక్కే సామాను, అంటే మోకు, ముస్తాదు, ఆడవాళ్ళు దాటకూడదు. ఫ్రాన్స్‌లో కూడా, వైన్ పులిసే రోజుల్లో ఆడది నేలమాళిగలోకి వస్తే పాడవుతుందనే నమ్మకం వెనకటికి ఉండేది. ఇప్పుడు బర్గండీలో పేరున్న ఎన్నో తోటలను ఆడవాళ్ళే నడుపుతున్నారు, మాదీ అంతే. అవ్వకు అది చెప్పాను. కాసేపాగి, "పాడైతే కాలేదు గద" అంది.

నిజంగా భయపడవలసింది గ్యాస్‌కు. లీటరు రసం పులిసేలోపు దాదాపు 50 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అది గాలికన్నా బరువు, కిందనే నిలుస్తుంది, కనిపించదు. పాతకాలంలో కొవ్వొత్తి వెలిగించి కిందికి దించేవారు, ఆరిపోతే మనిషి దిగడు. ఇప్పుడు మీటర్లున్నాయి. అయినా తొట్టి ఖాళీ చేయడానికి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ప్రతి తరంలోనూ ఉన్నారు. ఒంటరిగా ఎవరూ దిగకూడదన్నది మా మొదటి నియమం. బాపు కింద పడతాడేమోనన్న భయంతో పెరిగినదాన్ని నేను. ఆ నియమాన్ని ఎవరూ నాకు రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

రోజూ పొద్దున, సాయంత్రం ప్రతి తొట్టి సాంద్రత, వేడి రాయాలి. మొదట 1090 దగ్గర ఉన్న రసం చక్కెర తరిగేకొద్దీ 1000కి, ఆ కిందికి దిగుతుంది. లీటరుకు 17 గ్రాముల చక్కెర పోతే ఒక డిగ్రీ ఆల్కహాల్. సుమారు రెండు వారాల తర్వాత వైన్ దించి, పిప్పిని పిండి, పీపాల్లోకి పంపుతారు. బర్గండీ పీపా 228 లీటర్లు. బోర్డోది 225, ఆ మూడు లీటర్ల తేడాను ఇద్దరూ వదులుకోరు.

ఇక్కడే బాపు అసలు ప్రశ్న అడిగాడు. "పొద్దుటి కల్లు మాపటికి పులుస్తది, తెల్లారితే పారబోసుడే. గది ఏండ్లకొద్ది ఎట్ల ఆగుతది? ఏం కలుపుతరు?"

కలపడమన్న మాట బాపు నోట తేలిగ్గా రాదు. అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు ఎంతమందిని మంచాన పడేసిందో ఆయన చూశాడు. ఆయన కల్లు అమ్మే మండువ ముందు నుంచి మనుషులు కల్తీ దుకాణానికి నడిచిపోవడమూ చూశాడు. అందుకని నేను ఆదరాబాదరా జవాబివ్వలేదు. ఊరొచ్చాక వాకిట్లో కూర్చుని వివరంగా చెప్పాను.

తాడి రసంలో పులుపు లేదు. చెట్టు మీద నుంచి వచ్చినప్పుడు దాదాపు నీళ్ళంత సాత్వికం. అంటే ఏ సూక్ష్మజీవి పడినా బతుకుతుంది. లొట్టిలో పడ్డ క్షణం నుంచి ఈస్టూ, పాలను తోడుపెట్టే జాతి బ్యాక్టీరియా, వెనిగర్ చేసే బ్యాక్టీరియా అన్నీ ఒకేసారి పనిచేస్తాయి. ఆల్కహాల్ నూటికి అయిదుకు చేరేలోపే పులుపు ముందుకొచ్చేస్తుంది. పులియని నీరాగా ఉంచాలంటే లొట్టికి సున్నం పూయడం అందుకే. ద్రాక్ష రసం పుట్టుకతోనే పులుపు, చాలా బ్యాక్టీరియా అందులో నిలవలేదు. చక్కెర లీటరుకు 200 గ్రాములకు పైనే, దాన్ని ఈస్ట్ పన్నెండు పదమూడు పాళ్ళ ఆల్కహాల్ చేస్తుంది. ఆ పులుపు, ఆ ఆల్కహాల్ రెండూ కలిసి కాపలా. కలిపేది కొంచెం గంధకపు వాయువు (సల్ఫర్ డయాక్సైడ్), దానికీ హద్దుంది: యూరప్‌లో మామూలు ఎర్ర వైన్‌లో లీటరుకు 150 మిల్లీగ్రాములకు మించకూడదు. ఇంకా మిగిలింది గాలి. గాలి తగిలితే వైనూ వెనిగరే.

అందుకే పీపా ఎప్పుడూ నిండుగా ఉండాలి. చెక్కలోంచి కొంచెం కొంచెం ఆవిరైపోతుంటుంది, పైన ఖాళీ ఏర్పడుతుంది. వారానికో, రెండు వారాలకో ఒకసారి ప్రతి పీపా మూత తీసి, గాజు దీపం పెట్టి చూసి, అదే వైన్‌తో అంచుదాకా నింపాలి. నేలమాళిగలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇది. ఎవరూ మాట్లాడరు. వరుస మొదటి పీపా నుంచి చివరి దాకా, మూత తీసి వాసన చూడటం, నింపడం, మూత బిగించడం. ముక్కుకే తెలుస్తుంది ఏది బాగుందో, ఏది మూసుకుని ఉందో, దేనికి గాలి తగులుతోందో. వసంతంలో నేలమాళిగ వెచ్చబడినప్పుడు లోపల రెండో పులియడం మొదలవుతుంది. ఆపిల్‌లో ఉండే పదునైన పులుపును బ్యాక్టీరియా పాల పులుపుగా మారుస్తుంది, వైన్ నోట్లో మెత్తబడుతుంది. ఆ రోజుల్లో మూత తీస్తే చిన్న బుడగలు. పక్కపక్కన ఉన్న రెండు పీపాలు, ఒకే తోట, ఒకే రోజు నింపినవి, ఒకటి మార్చిలో మొదలుపెడుతుంది, ఇంకొకటి జూన్ దాకా కదలదు. కదిలించడానికి ఎవరూ ఏమీ చేయరు. ఆగుతారు.

బాపు అంతా విని, "గాలి తగిలితే మనదీ గంతే" అన్నాడు. తర్వాత, "వాళ్ళకు ఆగేతందుకు జాగ ఉన్నది బిడ్డా" అన్నాడు. నిజమే. చల్లటి నేలమాళిగ ఉండాలి, ఏడాదిన్నర దాకా డబ్బు రాకపోయినా బతకగలగాలి.

ఖరీదు ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలి. బర్గండీలో ప్రతి చెక్కకూ పేరుంది. 1098లో స్థాపించిన సీతో మఠం సన్యాసులు క్లో ద వూజో అనే తోటలో గోడ కట్టి, ఏ వాలులో పండు ఎట్లా వస్తుందో తరాల పాటు చూశారు. ఆ చూపు నుంచి పెరిగిన హద్దులే అక్కడి క్లిమాలు. 2015లో యునెస్కో 1247 క్లిమాలను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. అన్నిటికన్నా పై తరగతి తోటలు, గ్రాన్ క్రూలు, 33 మాత్రమే. వాటిలో రొమానే కోంతీ అంతా కలిపి నాలుగున్నర ఎకరాలు. క్లో ద వూజో సుమారు 50 హెక్టార్లు, దాన్ని ఎనభై మంది దాకా పంచుకున్నారు. ఒక్కొక్కరికి కొన్ని వరుసలు. 1443లో పేదల కోసం కట్టిన బోన్ ఆసుపత్రికి దాతలు ఇచ్చిన తోటలున్నాయి. ఆ వైన్‌ను 1859 నుంచి వేలం వేస్తున్నారు, నవంబర్ మూడో ఆదివారం, పీపాల లెక్కన, డబ్బు ఆసుపత్రికే. ఇవన్నీ చదివినప్పుడు నాకు గొప్పగా అనిపించింది. చలిలో ఆ వరుసల్లో పనిచేశాక, రోడ్డుకు పై వైపు మట్టి బూటుకు అంటక, కింది వైపు కిలోల కొద్దీ అంటినప్పుడు, పేర్లు ఎందుకు వేరో కాళ్ళకు తెలిసింది.

బాపు చెట్లకూ పేర్లున్నాయి. బాయికాడి పోతు, బండ మీది తాడు, పోచమ్మ ముందటిది, జంట తాళ్ళు, మంద తాడు. ఎక్సైజు వాళ్ళు చెట్టుకు వేసే నంబరు ఆయనకు గుర్తుండదు. ఏ చెట్టు ఎప్పుడు మొదలవుతుందో, ఏది రాత్రి ఎక్కువిస్తుందో, ఏది తీపి, ఏది వగరు, అన్నీ చెబుతాడు. ఇదంతా నా చిన్నప్పటినుంచీ విన్నదే. ఎక్కడా రాసి లేదు.

కొందరు ఇక్కడ పినో నువార్ వేస్తావా అని అడుగుతున్నారు. వేయను. అక్కడ తీగ చలికాలం నిద్రపోతుంది, ఏడాదికి ఒకేసారి తీగలు కత్తిరిస్తారు. మన ఎండల్లో ద్రాక్ష నిద్రపోదు, అందుకే మన దగ్గర ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి, రెండుసార్లు కత్తిరిస్తారు. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ తోటలు అట్లాగే పండాయి, తినడానికి మంచి పండు. పినోకు చల్లటి సెప్టెంబర్ కావాలి. వరంగల్‌కు తాడి ఉంది, దాని మీద పనిచేస్తాను.

ఈ ఏడు బాపుతో కలిసి నోటు పుస్తకం మొదలుపెట్టాను. చెట్టు పేరు, దించిన వేళ, ఎంత దిగింది, తీపి ఎంత. సున్నం పూసిన లొట్టి రసాన్ని తీపి కొలిచే రిఫ్రాక్టోమీటరులో చూస్తాను. పులిసిన దాంట్లో అది తప్పు చూపిస్తుంది, ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి, దానికి సాంద్రత గొట్టమే. బండ మీది తాడు రసం తక్కువ, తీపి ఎక్కువ. బాయికాడిది రసం ఎక్కువ, పలచన. పరికరం పెట్టకముందే బాపు వేలితో నాకి ఈ మాట చెప్పాడు. నేను అంకె రాశాను. ఒక చిన్న గాజు జాడీ నిండా కల్లు పోసి, గాలి పోకుండా మూసి, గ్యాస్ బయటికి పోయే గొట్టం పెట్టి నీళ్ళ బాయి చల్లదనంలో ఉంచి చూస్తున్నాం, గాలి లేకపోతే ఎంతసేపు నిలుస్తుందో. మర్నాటి సాయంత్రానికి కూడా వెనిగర్ వాసన రాలేదు, పాల పులుపు మాత్రం ఆగలేదు. రోగం సగం గాలిది, సగం పులుపు లేకపోవడానిది అని దీన్నిబట్టి అనుకుంటున్నాను. తర్వాత చల్లదనం పెంచి చూడాలి.

చదువుతున్నవాళ్ళలో మొగుళ్ళపల్లి, చిట్యాల, రేగొండ, ములుగు వైపు గీత కార్మికుల ఇళ్ళ పిల్లలుంటే ఒక సాయం చేయండి. మీ నాయిన, తాత గీసిన చెట్ల పేర్లు అడిగి నాకు రాసి పంపండి. పేరు, అది ఎక్కడుంది, పోతా పెంటా (మగ చెట్టా, ఆడ చెట్టా), ఏ నెలలో మొదలవుతుంది, కల్లు ఎట్లా ఉండేది. చెట్టు కొట్టేసి ఉంటే అది కూడా రాయండి. సంక్రాంతి లోపు చేరితే మంచిది, గెలలు ఒత్తే పని మొదలైతే బాపుకు నాతో కూర్చునే తీరిక ఉండదు.